కత్తి పట్టుకుని పరుగెత్తిన యాదగిరి

నా జీవితంలో నేను తీసిన సినిమా ఒక్కటే. అందులో తీసిన సీను కూడా ఒక్కటే, మొట్టమొదటిది. ఆ ఒక్క సీను చూసి ఒక కొత్త పెళ్లికూతురు ఏడ్చింది, ఒక పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, ఒక ముసలావిడకు వారం పాటు నిద్ర పట్టలేదు. ఇంత స్పందన వచ్చాక ఎవరైనా రెండో సినిమా మొదలుపెడతారు. నేను మాత్రం బుద్ధిగా బ్యాంకు పరీక్షలు రాసుకున్నాను. ఎందుకో చెబుతాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు, ఆ రోజు అక్కడున్న వాళ్లెవరికీ ఆ అవకాశం దొరకలేదు.

తొంభైల మొదట్లో మేము ఉప్పల్‌లో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్నకు దగ్గర్లోనే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం. నేను డిగ్రీ చదువుతున్నాను, లేదా చదువుతున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. అలాంటి రోజుల్లో మా కాలేజీవాళ్లు విద్యార్థుల లఘుచిత్రాల పోటీ పెట్టారు. పది నిమిషాల వీడియో తీసి ఇవ్వాలి. విషయం కూడా వాళ్లే నిర్ణయించారు: నీటి పొదుపు.

నీటి పొదుపు మీద సినిమా అనగానే మామూలు మనుషులు ఏం చేస్తారు? నల్లా నుంచి కారే చుక్కను చూపిస్తారు. బిందెల వరుసను చూపిస్తారు. చివర్లో ఒక చిన్నపిల్ల చేత చక్కటి మాట ఒకటి చెప్పిస్తారు. నేను మామూలు మనిషిని కాదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. మా ఇంగ్లీషు లెక్చరరు ఒకసారి పాఠం మధ్యలో, మొదటి నిమిషంలో ప్రేక్షకుణ్ణి పట్టుకోలేని సినిమా ఇక ఎప్పటికీ పట్టుకోలేదని అన్నారు. ఆయన ఆ మాట అనేసి హాజరు పట్టీ తీసుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ మాటను మనసులో పెట్టుకుని, అన్నం తింటున్నా బస్సెక్కుతున్నా ప్రేక్షకుణ్ణి ఎక్కడ పట్టుకోవాలా అని ఆలోచిస్తూ తిరిగాను.

చివరికి తట్టిన సీను ఇది. నాచారం పారిశ్రామికవాడలో మనిషి లేని రోడ్డు. పొద్దుగూకే వేళ. దూరం నుంచి ఒకడు పరుగెత్తుకొస్తుంటాడు. చేతిలో పొడుగాటి కత్తి, చొక్కా నిండా ఎర్రటి మరకలు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తుంటాడు. రొప్పుతూ వచ్చి రోడ్డు పక్క నల్లా దగ్గర ఆగుతాడు. కత్తి కడుక్కోవడానికి నల్లా తిప్పుతాడు. నీళ్లు రావు. అతని మొహం మీద సీను ఆగిపోతుంది.

అతనెవరు, ఎవర్ని పొడిచాడు అంటారా? చివర్లో చెబుతాను. ఎంత మానేసినా దర్శకుడి బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ కత్తి మనిషి వేషానికి మా క్లాసు యాదగిరిని ఒప్పించాను. వాళ్లది నాచారమే. వాళ్ల నాన్న మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. యాదగిరి అంత మెత్తటి మనిషి మా కాలేజీలో లేడు. కుక్క ఎదురొస్తే ఈ పక్క నుంచి ఆ పక్కకు రోడ్డు దాటేవాడు. కత్తి చేతికిచ్చి అద్దం ముందు నిలబెడితే చాలాసేపు చూసుకుని, తనను చూసి వంకాయ కూడా భయపడదని తేల్చాడు. అదే సహజమైన నటన అని నేను వాదించాను.

ఇక కెమెరా. అది దానియేలన్న దగ్గర ఉంది. నాచారంలో దానియేలన్నకు ఒక వీడియో షాపు ఉండేది. సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు, పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా అతనిది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా అతని భుజం మీదుగానే జరిగేది. మాటలు తక్కువ, మనసు పెద్దది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అతన్నీ చెల్లెలు సునీతనీ వాళ్ల నాయనమ్మ ఎస్తేరవ్వ పెంచింది. అప్పటికి ఆమె అన్నోజిగూడలో చిన్నకొడుకు ఇంట్లో ఉండేది.

నేను కెమెరా అడగడానికి వెళ్లింది సునీత పెళ్లయిన వారానికి. ఆ పెళ్లికి మమ్మల్నీ పిలిచారు. నేనూ యాదగిరీ వెళ్లాం కూడా. వెళ్లామంటే, చర్చిలో కార్యక్రమం అంతా అయిపోయి, ఆవరణలో బిర్యానీ వడ్డించే వేళకు సరిగ్గా వెళ్లాం. ఈ చిన్న వివరం కాస్త గుర్తుపెట్టుకోండి.

అన్న రెండో మాట లేకుండా కెమెరా ఇచ్చాడు. ఒక కొత్త క్యాసెట్టు కూడా ఇచ్చాడు. బ్యాటరీ బ్యాగు పక్క జేబులో ఉందన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "పైలం తమ్మీ, నా బువ్వ గదే," అన్నాడు. ప్రాణంలా చూసుకుంటానని మాటిచ్చాను. కెమెరాకు గీత కూడా పడలేదు. ఆ మాట నేను నిలబెట్టుకున్నాను.

ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు. రోడ్డు ఖాళీగా, నా ఊహలో ఉన్నట్టే ఉంది. పొద్దుగూకడానికి చాలా ముందే వెళ్లి తీయడం మొదలుపెట్టాం. మొదటిసారి యాదగిరి నవ్వాడు. తర్వాతి సారి ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర పట్టుకుని అతని వెంట పడ్డాడు. అతనికి విషయం చెప్పి శాంతింపజేసేసరికి అతను కూడా సినిమాలో ఉంటానన్నాడు. ఆ తర్వాత కుక్కలు తరిమాయి. నిజం చెప్పాలంటే యాదగిరి మొహంలో అసలైన భయం అప్పుడే కనిపించింది. కానీ కత్తి అవతల పారేసి గోడెక్కాడు కాబట్టి ఆ షాటు పనికిరాలేదు.

పనికిరాని షాటును చెరిపేసి దాని మీదే మళ్లీ తీసుకోవచ్చు. నేను ఒప్పుకోలేదు. రేపు నేను గొప్పవాణ్ణయ్యాక నా తొలి ప్రయత్నాలు చూడాలని జనం అడిగితే ఏం చూపించాలి? అలా అన్నీ దాచుకుంటూ పోతే, సరిగ్గా ఆకాశం ఎర్రబడి నేను కలగన్న వెలుతురు రోడ్డు మీద పడే వేళకు క్యాసెట్టు అయిపోయింది.

బ్యాటరీ కోసం పక్క జేబులో చెయ్యి పెట్టినప్పుడు ఇంకో క్యాసెట్టు తగిలినట్టు గుర్తొచ్చింది. తీసి కెమెరాలో పెట్టి తిప్పి చూశాను. ఆ కెమెరాలో చూడాలంటే ఒక కన్ను మూసి, అగ్గిపెట్టెలో సగం ఉండే నలుపు తెలుపు తెరలోకి తొంగి చూడాలి. అందులో ఎవరో పాస్టరు గారు నిలబడి ప్రసంగిస్తున్నారు. ఎదురుగా ఇద్దరి వీపులు. ముందుకు జరిపి చూశాను, ప్రసంగిస్తున్నారు. ఇంకాస్త జరిపాను, ఇంకా ప్రసంగిస్తూనే ఉన్నారు.

దానియేలన్న పద్ధతి నాకు తెలుసు. పెళ్లివాళ్లకు కాపీ చేసి ఇచ్చేశాక అసలు క్యాసెట్టు మీద ఇంకో పెళ్లి తీసేవాడు. కాబట్టి ఇది కూడా ఎవరిదో పాత పెళ్లి, కాపీ ఇచ్చేసిన పెళ్లి అని తేల్చేశాను. అన్నను ఒక మాట అడుగుదామని యాదగిరి అన్నాడు. అడగాలంటే షాపుదాకా వెళ్లాలి. మేము వెళ్లొచ్చేదాకా సూర్యుడు ఆగడు. తీసేశాం. ఒకసారి బాగా వచ్చింది. ఇంకా బాగా వస్తుందేమోనని మళ్లీ తీశాను. అలా చీకటి పడేదాకా ఆ పాస్టరు గారి మీదుగా యాదగిరిని పరుగెత్తిస్తూనే ఉన్నాను.

తిరిగి ఇచ్చేటప్పుడు అన్న షాపులో లేడు. క్యాసెట్టు ఎక్కడిదక్కడ పెట్టి, బ్యాగు షాపులో ఉన్నతనికి అప్పగించి వచ్చాను. అన్న కనబడగానే చెప్పి నా సీను కాపీ చేసుకుందాం అనుకున్నాను. అనుకుంటూనే వారం గడిపేశాను. ఆ వారమంతా నేను బహుమతి అందుకునేటప్పుడు ఏం మాట్లాడాలో సాధన చేసుకోవడంలో తీరిక లేకుండా ఉన్నాను.

శనివారం దానియేలన్నే యాదగిరి చేత కబురు పంపాడు. మర్నాడు అన్నోజిగూడలో నాయనమ్మకు సునీత పెళ్లి క్యాసెట్టు వేసి చూపిస్తున్నాడట. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. కెమెరా పని నేర్చుకుంటున్నాను కదా, ఎలా తీశాడో చూసి చెప్పమన్నాడట. ఇది విని నేను పొంగిపోయాను. మంచి సలహాలు కొన్ని మనసులో సిద్ధం చేసుకుని ఘట్‌కేసర్ బస్సెక్కాను.

అక్కడికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. పెళ్లికి కొద్ది రోజుల ముందు ఎస్తేరవ్వ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తల్లిలా పెంచిన మనవరాలి పెళ్లికి మంచం దిగి రాలేకపోయింది. నా వల్ల ముహూర్తం మార్చొద్దని ఆమే పట్టుబట్టిందట. అందుకని పెళ్లి రోజు దానియేలన్న అన్నం కూడా తినకుండా కెమెరా భుజం మీంచి దించలేదు. తీశాక కూడా తాను చూసుకోలేదు. మొదట నాయనమ్మే చూడాలి, ఆమె కంటే ముందు ఎవరూ చూడకూడదు అని కాపీ కూడా చేయలేదు. షాపులో పెడితే సినిమా క్యాసెట్లలో కలిసి ఎవరికైనా అద్దెకు వెళ్లిపోతుందని, ఎవరూ ముట్టుకోని చోట భద్రంగా దాచాడు.

"ఎక్కడ దాచావన్నా?" అని అడిగాను.

"కెమెరా బ్యాగుల," అన్నాడు దానియేలన్న.

ఇది వినగానే నాకు అంతా అర్థమై ఉండాలి. కాలేదు. ఆ బ్యాగులో ఎవరిదో పాత పెళ్లి కూడా ఉంది కదా, చూసుకుని తెచ్చాడో లేదో అని నేను అన్న గురించి బెంగపడ్డాను.

గది నిండా జనం. స్టూలు మీద టీవీ, దాని కింద వీసీఆర్. మంచం మీద దిండుకు ఆనుకుని కొత్త చీరలో ఎస్తేరవ్వ. ఆమె పక్కనే సునీత. గోడవారన సునీత భర్త సుధాకర్, రైల్వేలో ఉద్యోగం, కొత్త అల్లుడి బిడియంతో నిలబడ్డాడు. కుర్చీలో పాస్టరు గారు. అందరూ ఆయన్ను అయ్యగారూ అంటున్నారు. ఆయన్ను ఎక్కడో చూశానని అనిపించింది. నాలాంటి వాడికి పెద్దవాళ్లతో పరిచయాలు ఉండటం సహజమేననుకున్నాను. ఆయన ప్రార్థన చేశారు. ఎస్తేరవ్వ మనవణ్ణి పిలిచి, "పుస్తె గట్టేటప్పుడు జర ఆపి సూపియ్యి బిడ్డా, మంచిగ సూస్త," అంది.

క్యాసెట్టు మొదలైంది. చర్చి గుమ్మం, పూలు, తెల్లచీరలో సునీత. ఒక్కొక్కరు తెరమీద కనబడుతుంటే ఎస్తేరవ్వ పేరు పెట్టి పిలుస్తోంది. తర్వాత అయ్యగారు నిలబడి వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. ఎదురుగా ఇద్దరి వీపులు.

అప్పుడు గుర్తుపట్టాను. ఆయన్ను నేను చూసింది అగ్గిపెట్టెలో సగం ఉన్న తెరలో, ఒక కన్ను మూసి.

యాదగిరి వైపు చూశాను. వాడు అప్పటికే గుమ్మం వైపు చూస్తున్నాడు. ఏదో ఒకటి చేయాలి కదా. "అన్నా, కాసేపు ఆపి టీ తాగుదామా," అన్నాను.

"అయ్యగారు వాక్యం జెప్తుంటె టీ ఏంది బిడ్డా," అంది ఎస్తేరవ్వ.

కరెంటు పోవాలని మొక్కుకున్నాను. ఉప్పల్‌లో పిలవకుండానే రోజూ పోయే కరెంటు, అన్నోజిగూడలో ఆ రోజు నా మాట వినలేదు. తెరమీద అయ్యగారు చెయ్యెత్తి, "ఇప్పుడు వధూవరులు," అన్నారు. అంతే, తెర నిండా చుక్కలు, గరగరమని చప్పుడు. చుక్కలు తేరుకునేసరికి నాచారం రోడ్డు. రోడ్డు మీద ఇంకా ఎవరూ లేరు. మాటలు మాత్రం వినబడుతున్నాయి. స్టార్ట్ అనకముందే కెమెరా నొక్కేసే అలవాటు నాకు.

"అరేయ్, గిది ఎవలదో పెండ్లి టేపు గదరా. దానియేలన్నను ఒక మాట అడుగుదాం," అంటోంది టీవీలోంచి యాదగిరి గొంతు.

"ఏం కాదురా. ఎవరో ఒకాయన మాట్లాడుతూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. దీన్ని మళ్లీ ఎవరు చూస్తారు? నువ్వు పరుగెత్తు," అంటోంది నా గొంతు. ఎంత స్పష్టంగా రికార్డయిందంటే, ఆ కెమెరా మైకు గురించి నేను సిద్ధం చేసుకొచ్చిన విమర్శ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. టీవీలో యాదగిరి కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గదిలో యాదగిరి తలుపు వెనక్కి వెళ్లాడు. నల్లా దగ్గర సీను ఆగింది. మళ్లీ మొదలైంది. "ఇంకా భయపడు, నీ వెనక చావు వస్తోంది," అని నా గొంతు. మళ్లీ పరుగు. ఇంకోసారి పరుగు. దానియేలన్న లేచి టీవీ ముందు నిలబడ్డాడు కానీ ఆపలేదు. వెనక ఎక్కడో చెల్లెలి పెళ్లి మిగిలి ఉంటుందని ఆశ.

మిగిలింది. చివర్న ఒకసారి చుక్కలు వచ్చి తొలగిపోయాక చర్చి ఆవరణ కనబడింది. బిర్యానీ వడ్డిస్తున్నారు. తెర మధ్యలో నేను, ప్లేటు చాపి, ఇంకో ముక్క వేయమని అడుగుతున్నాను.

ఉంగరాలు లేవు. ప్రమాణాలు లేవు. పుస్తె కట్టడం లేదు. అవన్నీ ఉండాల్సిన చోట యాదగిరి ఉన్నాడు.

"పుస్తె ఎప్పుడు గట్టిన్రు బిడ్డా?" అని ఎస్తేరవ్వ మెల్లగా అడిగింది. "నేను కండ్లు మూసుకోలె గదా."

సునీత ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. దానియేలన్న టీవీ కట్టేసి బయటికి వెళ్లిపోయాడు. నేనూ వెళ్లాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, ఆ రెంటిలో ఏది చేసినా నాకు హాయిగా ఉండేది. అతను గోడకు ఆనుకుని హైవే మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు. అటునుంచి కళ్లు తిప్పకుండానే, "పెండ్లికి నేను రాలేకపోతి, పెండ్లినే నా కాడికి తే బిడ్డా అన్నది అవ్వ. తెచ్చిన అనుకున్న," అన్నాడు.

నా వెధవ సీను గురించి నాకు అప్పుడు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. నన్ను నమ్మి బువ్వ పెట్టే కెమెరాను చేతికిచ్చిన మనిషి, నన్ను ఒక్క మాట కూడా అనలేక నిలబడ్డాడు. ఏడుస్తూనే నోటికొచ్చింది అనేశాను. పెళ్లి మళ్లీ చేద్దామన్నాను. ఇక్కడే, ఈ వాకిట్లోనే, ఎస్తేరవ్వ మంచం ముందే చేసి, దాన్ని తీద్దామన్నాను.

దానియేలన్న నా వైపు మొదటిసారి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి అయ్యగారి ముందు నిలబడి సంగతి చెప్పాడు. అయ్యగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. పెళ్లి దేవుడి ముందు ఒక్కసారే జరుగుతుందని, అది జరిగిపోయిందని, దాన్ని మళ్లీ చేయడం తన వల్ల కాదని అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. కానీ చేసిన ప్రమాణాన్ని పెద్దల ముందు గుర్తుచేసుకోవడంలో తప్పేం లేదని, దానికి తాను వస్తానని కూడా అన్నారు. "ఒక్క షరతు," అని నా వైపు తిరిగారు. "వాక్యం మొదటి కెల్లి చెప్త. ఎవరూ సూడరన్నవు గద బిడ్డా, నువ్వొక్కనివి ముందట నిలవడి విను, చాలు."

మొదటి చిక్కు తీరిందనుకుంటే రెండోది సునీత తెచ్చింది. ఉంగరాలు మార్చుకుంటుంది, దండలు వేసుకుంటుంది, ఏమైనా చేస్తుంది. మెడలో పుస్తె మాత్రం తీయదు. "కట్టినంక ఇప్పేది లేదన్నా, సినిమా కోసమైతే అసలే లేదు," అని తేల్చి చెప్పింది. ఎస్తేరవ్వ కూడా తీయొద్దనే అంది. మరి పుస్తె కట్టకుండా పుస్తె కట్టడం ఎలా చూపించాలి?

ఇక్కడే, ఇన్నాళ్లుగా నేను చదివిన సినిమా విద్య ఒకేఒక్కసారి పనికొచ్చింది. పుస్తె తీయక్కర్లేదన్నాను. సుధాకర్ బావ సునీతక్క వెనక నిలబడి, మెడ దగ్గర ఉన్న ముడిని పట్టుకుంటే చాలు. కెమెరా అతని చేతులను మాత్రమే చూడాలి. చూసేవాళ్లు ముడి వేస్తున్నాడనే అనుకుంటారు. దానియేలన్న కాసేపు ఆలోచించి తలూపాడు. నా సినిమా జీవితంలో నాకు దక్కిన మెప్పు ఆ తల ఊపడమే.

తర్వాతి ఆదివారం అందరం మళ్లీ చేరాం. పెళ్లినాటి బూడిద రంగు సూటు అద్దెది, అది అప్పటికే ఇంకో పెళ్లికొడుకు ఒంటి మీద ఉంది. సుధాకర్ తన స్నేహితుడి నల్లకోటు తొడుక్కుని వచ్చాడు. అది అతనికి పొట్టి. ఇప్పటికీ ఆ క్యాసెట్టు చూసేవాళ్లు, పెళ్లికొడుకు వాక్యం మధ్యలో లేచి వెళ్లి కోటు ఎందుకు మార్చుకొచ్చాడా అని అనుకుంటారు.

ఎస్తేరవ్వ మంచాన్ని వాకిట్లోకి తెచ్చారు. దానియేలన్న కొత్త క్యాసెట్టు పెట్టాడు. నా ముందే దాని పైనున్న కాగితం చించి, కొత్తదేనని నాకు చూపించి మరీ పెట్టాడు. ఎండ సునీత మొహం మీద పడేట్టు తిప్పడానికి నా చేతికి ఒక పెద్ద థర్మాకోల్ అట్ట ఇచ్చి ముందు నిలబెట్టాడు. అయ్యగారు మొదలుపెట్టారు. ఆ రోజు వాక్యం సహనం గురించి. అందులో ఆయన ఏ భాగాన్నీ తొందరగా ముగించలేదు. నా చేతిలో అట్ట కిందికి జారుతుంటే నావైపు ఒకసారి చూసి, సహనానికి ఇంకో ఉదాహరణ చెప్పారు.

అయితే నిజం చెప్పాలి. ఆయన చాలా బాగా చెప్పారు. నేను మొదటిసారే వినుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పుస్తె వేళకు సునీత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, నాయనమ్మకు దగ్గరగా కనబడాలని. సుధాకర్ వెనక నుంచి ముడి పట్టుకున్నాడు. మేము అనుకున్నది అక్కడితో అయిపోవాలి. ఎస్తేరవ్వ దిండు మీంచి ముందుకు వంగి, ముడతలు పడ్డ చెయ్యి చాపి, అతని వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టి ముడిని మెల్లగా తడిమింది. తర్వాత ఇద్దరి తలల మీదా చెయ్యి ఉంచింది. పెదవులతోనే ప్రార్థన చేసుకుంది. దానియేలన్న జీవితమంతా పెళ్లిళ్లు తీశాడు. కెమెరా వణికిన షాటు నాకు తెలిసి అదొక్కటే.

అంతా అయ్యాక ఎస్తేరవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. తిట్లకు సిద్ధపడి వెళ్లాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "చర్చిల అయితే ఎనకాల కూసుంటుంటి, నాకు సగం కనవడకపోవు. నువ్వు చెడగొడితేనే గద నా వాకిట్ల లగ్గమాయె," అంది. నేను థర్మాకోల్ అట్ట చాటున మొహం తుడుచుకున్నాను.

భోజనాల దగ్గర దానియేలన్న మిగిలిన పని చెప్పాడు. షాపులో రెండు వీసీఆర్లు పెట్టి, పాత క్యాసెట్టులో యాదగిరి పరుగెత్తే చోట ఈ రోజు తీసిందంతా ఎక్కిస్తాడు. దాంతో ఆ పరుగు చెరిగిపోతుంది. నేను సరేనన్నాను. అడ్డం వచ్చింది ఎస్తేరవ్వ.

"ఆగు బిడ్డా, అప్పుడే చెరపకు," అంది. "గా కత్తి పిలగాడు ఎవర్ని పొడిసిండు? గా నల్లల నీళ్లు రాకపాయె, పోలీసోళ్లు వచ్చిన్రా మరి? వారం సంది గదే మనసుల తిరుగుతుంది, నిద్రవడ్తలేదు నాకు."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. వారం రోజుల పాటు, విరిగిన తుంటితో, నిద్ర మానుకుని నా సీను గురించి ఆలోచించిన ప్రేక్షకురాలు. మా లెక్చరరు చెప్పిన ఆ మొదటి నిమిషం ఆమెను పట్టుకుంది, వారమైనా వదల్లేదు. ఆ రోజు కూడా తలుపు చాటునే ఉన్న యాదగిరి బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకున్నాను. బహుమతి అందుకునేటప్పటి కోసం సాధన చేసిన గొంతు అదే.

"అతను ఎవర్నీ పొడవలేదవ్వా. రోడ్డు మీద తర్బూజాలు, అదే పుచ్చకాయలు, కోసి అమ్ముకునేవాడు. ఆ ఎరుపు తర్బూజ రసం. వాళ్ల కాలనీ నల్లాలో నీళ్లు కాసేపే వస్తాయి. అవి పోకముందే కత్తీ చెయ్యీ కడుక్కోవాలని పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి పోయాయి. అందుకని మనందరం నీళ్లు పొదుపుగా వాడుకోవాలి. అదీ కథ."

అయ్యగారు తినడం ఆపారు. ఎస్తేరవ్వ నా మొహంలోకి చూసింది, యాదగిరి మొహంలోకి చూసింది, మళ్లీ నా మొహంలోకి చూసింది.

"గంతేనా?" అంది.

"అంతేనవ్వా," అన్నాను.

ఆమె దిండుకు వెనక్కి ఆనుకుంది. "దానియేలూ," అని మనవణ్ణి పిలిచి, "చెరిపెయ్యి బిడ్డా," అంది.

ఆ పోటీలో బహుమతి కారే నల్లా చుక్కను చూపించిన వాళ్లకు వచ్చింది. నా సంగతికొస్తే, ఆనాడే అన్నోజిగూడ వాకిట్లో, సహనం మీద వాక్యం విన్న చెవులతో, థర్మాకోల్ అట్ట మోసిన చేతులతో, నేను గట్టి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ పెళ్లికీ భోజనాల వేళకు వెళ్లను. చర్చి అయినా, కళ్యాణమండపమైనా, ఎవరూ రాకముందే వెళ్లి మొదటి వరుసలో కూర్చుంటాను. పాస్టరు గారు ఆమెన్ అనేదాకా, పంతులు గారు అక్షింతలు వేయించేదాకా లేవను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. మా చుట్టాలంతా నన్ను చూసి ఎంత భక్తిపరుడో అని మెచ్చుకుంటారు. అది భక్తి కాదని మీకు మాత్రమే చెబుతున్నాను. నేను అంతసేపూ చూసేది వాళ్ల మొహాలను. మళ్లీ ఎప్పుడైనా ఏ క్యాసెట్టులోనైనా కనబడితే గుర్తుపట్టాలి కదా.